మజిలీ ఎవరి కోసం?

డిసెంబరు వచ్చిందంటే మన ఐటీ జనానికి మంచు పిచ్చి పట్టుకుంటుంది. ఇదివరకు ఊటీ, కొడైకెనాల్‌తో సరిపెట్టుకునేవాళ్ళు. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచాక ఇహ అందరి నోటా మనాలీయే. సోలాంగ్‌లో స్కీయింగ్, మంచులో ఫోటోలు, వచ్చాక ఆఫీసులో అందరికీ కులూ శాలువాలు. బాగానే ఉంది. కాకపోతే ఈ మధ్య విమానం ఎక్కి పోతే పరువు తక్కువైనట్టుంది, కార్లోనే పోవాలట! ఎందుకు నాయనా అంటే, "44వ నంబరు జాతీయ రహదారి మన అనంతపురం పక్కనుంచే కదా పోయేది, ఎక్కితే అంబాలా దాకా ఒకటే రోడ్డు" అని జవాబు.

నిజమే. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా పోయే ఆ రోడ్డు అనంతపురం మీదుగానే పోతుంది. శింగనమలలో బండి స్టార్ట్ చేసినోడు అనంతపురంలో రోడ్డెక్కితే కర్నూలు, హైదరాబాదు, నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ అన్నీ ఆ దారిలోనే తగులుతాయి. మనాలీకి మొత్తం 2,400 కిలోమీటర్ల పైచిలుకు.

రోడ్డు మీద నాకేం కోపం లేదు. మంచు మీద అసలే లేదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే "ఈసారి పర్లేదప్పా" అనుకునే సీమ మాది, ఆకాశం నుంచి ఏం పడినా మాకు సంబరమే. నా కోపమల్లా మనవాళ్ళు రాత్రి మజిలీలు ఎంచుకునే పద్ధతి మీద.

ఇందులో రెండు జాతులున్నాయి. మొదటిది మజిలీయే అక్కర్లేని వీరులు. "బెంగుళూరు టు మనాలీ, నలభై ఎనిమిది గంటలు, నాన్‌స్టాప్" అని చెప్పుకుని తిరుగుతారు. రెండోది పద్ధతైన జనం. మ్యాపు తెరుస్తారు, మొత్తం దూరాన్ని నాలుగుతో భాగిస్తారు, వచ్చిన చోట ఫోటోలు బాగున్న హోటల్ వెతుకుతారు. ఈత కొలను ఉందా, పొద్దున టిఫిను ఉచితమా, రేటింగ్ నాలుగు దాటిందా. ఎక్సెల్ షీట్ కూడా తయారవుతుంది, రంగులతో సహా. ఆ షీట్‌లో అన్ని కాలమ్‌లూ ఉంటాయి కానీ ఒక్కటి మాత్రం ఎప్పుడూ చూడలేదు: "బండి నడిపేవాడు ఎక్కడ పడుకుంటాడు?"

మొదటి జాతి సంగతి ముందు తేల్చేద్దాం. 1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు మనుషుల్ని నిద్రపోనీయకుండా కూర్చోబెట్టి పరీక్షించి, ఆ ఫలితాలు నేచర్ పత్రికలో వేశారు. ఏకబిగిన పదిహేడు గంటలు మేలుకున్నవాడి చేయీ కన్నూ, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి మాదిరే పనిచేస్తాయని అందులో తేలింది. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. అంటే పొద్దున ఐదుకి లేచి రాత్రి పదికి స్టీరింగ్ పట్టుకున్న మన వీరుడు, చుక్క ముట్టకుండానే తాగినవాడితో సమానం. ఊదించే యంత్రం వాణ్ణి పట్టుకోలేదు, అంతే తేడా. డ్రంకెన్ డ్రైవ్ అంటే ఛీ అనే పెద్దమనుషులు నాన్‌స్టాప్ డ్రైవ్‌కి చప్పట్లెందుకు కొడతారో నాకెప్పటికీ అర్థం కాదు.

"మేం ఇద్దరం మార్చి మార్చి నడుపుతాం" అంటారు. సరే, నిద్ర సంగతి వదిలేద్దాం. చీకటినేం చేస్తారు? గంటకి వంద కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. కంటికి ఆనాక కాలు బ్రేకు మీదకి చేరడానికి సెకనున్నర, అంటే 42 మీటర్లు. బ్రేకు పట్టాక పొడి రోడ్డు మీద బండి నిలవడానికి ఇంకో 55, 60. వెరసి వంద మీటర్లు. లో బీమ్ లైట్లు మీకు చూపించేది యాభై, అరవై మీటర్లు. మిగతా నలభైకీ దేవుడే దిక్కు. పైగా ఆ నలభై మీటర్లలో ఏముంటుందో ఆ రోడ్డు మీద తిరిగిన ఎవర్నడిగినా చెప్తారు. రిఫ్లెక్టర్ లేని ట్రాక్టరు ట్రాలీ, నల్ల బర్రె, లేదా చెడిపోయిన లారీ, దాని వెనక హెచ్చరికగా ఓ చెట్టుకొమ్మ, రెండు రాళ్ళు.

మన దారిలోనే జరిగినవి చూడండి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగుళూరు నుంచి హైదరాబాదు పోతున్న వోల్వో బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టుకి కొట్టుకుని తగలబడింది. 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న, అదీ తెల్లవారకముందే, హైదరాబాదు నుంచి బెంగుళూరు పోతున్న స్లీపర్ బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద రోడ్డు మీద పడున్న మోటార్ సైకిల్‌ని ఈడ్చుకుపోయి అంటుకుంది. బస్సులోని 19 మంది కాలిపోయారు. ఈ రెంటికీ డ్రైవరు నిద్రే కారణమని నేననడం లేదు. తలుపులు, డీజిల్ ట్యాంకు, బ్యాటరీలు, పర్మిట్లు, ఆ కథ పెద్దది. నేననేదల్లా, రెండూ ఒకే రోడ్డు మీద, రెండూ చీకట్లో. పగలైతే రోడ్డు మధ్యలో పడున్న బండి ఎంత దూరం నుంచి కనపడేదో మీరే ఆలోచించండి.

ఇహ రెండో జాతి. వీళ్ళు మంచివాళ్ళే, రాత్రి ఆగుతారు. కానీ ఆగేది తమ కోసం. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలరో, ఇన్నోవానో డ్రైవరుతో సహా మాట్లాడుకుంటారు. డ్రైవరు బేటా రోజుకి మూడొందలో, ఐదొందలో. ఆ బేటాలోనే వాడి తిండి, వాడి పడక. ఆ డబ్బుకి గ్వాలియర్‌లో గది ఎవడిస్తాడు? అందుకని వాడు బండ్లోనే పడుకుంటాడు. దోమలకి అద్దాలు మూస్తే ఉక్క, తీస్తే దోమలు. మనాలీలో అయితే ఇంకో ప్రమాదం. రాత్రి సున్నా కంటే కిందికి పోతుంది, చలికి తట్టుకోలేక ఇంజను ఆన్‌లో పెట్టి హీటరు వేసుకుని పడుకుంటారు. పొగగొట్టం మంచులో కూరుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. దానికి వాసన ఉండదు, లేపదు.

ఈ డ్రైవర్లు ఎవరనుకుంటున్నారు? చెనక్కాయ వరసగా ఎండిపోతే, బోర్లు వేసి వేసి అప్పులపాలైతే, స్టీరింగ్ పట్టుకున్న మా శింగనమల, నార్పల, గార్లదిన్నె పిల్లోళ్ళు. ఇందులో ఇంకో తమాషా ఉంది. మీరు పోయే ఆ కియా కారు కూడా ఇదే రోడ్డు పక్కన పెనుకొండ దగ్గర తయారైందే. కారు మాది, రోడ్డు మా పక్కది, నడిపేవాడు మావాడు. నిద్ర మాత్రం ఎవడిదీ కాదు.

నాగపూర్ దగ్గర ఒక హోటల్లో (పేరు అనవసరం) రిసెప్షన్‌లో నేను అడిగాను, డ్రైవరుకి ఇంకో గది ఇవ్వండి, డబ్బు కడతాను అని. "డ్రైవర్లకి గదులివ్వం, పార్కింగ్‌లో ఉండొచ్చు" అన్నాడు. డబ్బు కడతానన్నా కూడా! మా మండలం పిల్లోడే, పక్కనే నిలబడి వింటున్నాడు.

"పర్లేదులేన్నా, బండ్లో పండుకుంటా. సీటు ఎనక్కి తోస్తే మంచమే."

"పొద్దన్నే మళ్ళా ఎనిమిది గంటలు నడపల్ల గదప్పా?"

"అలవాటేన్నా."

ఆ అలవాటన్న మాటకే నాకు ఒళ్ళు మండింది. రెండు కిలోమీటర్లు వెనక్కి పోయి, ఈత కొలను లేని ఒక మామూలు లాడ్జీలో అందరం దిగాం. వాడు రాత్రి తొమ్మిదికి పడుకుని ఆరున్నరకి లేచాడు.

సర్వర్ రూములో ఏసీ ఆగితే రాత్రి రెండింటికి పరిగెత్తుకుపోతాం కదా మనం? సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని పెద్ద పెద్ద ప్రెజెంటేషన్లిస్తాం. పెళ్ళాం పిల్లలు, అమ్మానాన్న, పన్నెండు ప్రాణాలు ఒక్కడి రెండు కళ్ళ మీద ఆధారపడితే ఆ కళ్ళకి మూడొందల బేటా!

ఇదేదో నేను కొత్తగా కనిపెట్టింది కాదు. రైల్వేవాడికి వందేళ్ళకి ముందునుంచే తెలుసు. గుంతకల్లు పోయి చూడండి, లోకో పైలట్ల కోసం రన్నింగ్ రూం అని ఉంటుంది. డ్యూటీ దిగినవాడికి మంచం, భోజనం, వేళకి లేపడానికి మనిషి. మన పల్లెలకొచ్చే ఆర్టీసీ నైట్ హాల్ట్ బస్సు తీసుకోండి. రాత్రికి ఊళ్ళో ఆగాలి, పొద్దున ఫస్టు ట్రిప్పు అక్కణ్ణుంచే, అంటే డ్రైవరు నిద్ర టైంటేబుల్లోనే ఉంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి ఎనిమిది గంటలు, ఐదు గంటలకొకసారి అరగంట విరామం, రెండు డ్యూటీల మధ్య తొమ్మిది గంటల విశ్రాంతి అని రాసింది. 2025 నవంబరులో దాన్ని కొత్త లేబర్ కోడ్‌లో కలిపేశారు. అయితే ఐదుగురు కార్మికుల్లేని సంస్థకి ఆ పాత చట్టం వర్తించేదే కాదు, ఒక్క ఇన్నోవా పెట్టుకున్నవాడి దగ్గరికి అదెప్పుడొచ్చింది గనక! ఐరోపాలో బస్సులకీ లారీలకీ నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావుగంట ఆగాలి, బండ్లో యంత్రం రాసుకుంటుంది, తప్పితే జరిమానా. ఆల్ప్స్‌కి స్కీయింగ్ బస్సులు పోయేది ఆ నిబంధనల మీదే. అంత దూరమెందుకు, తమిళనాడు ప్రభుత్వం 2023లో భవన నిబంధనలు మార్చి, హోటళ్ళూ లాడ్జీలూ అతిథుల డ్రైవర్లకి పడక, బాత్‌రూము ఏర్పాటు చేయాలని పెట్టింది. ఇక్కడ మనవాళ్ళు ఎందుకు పెట్టరు?

ఇంకా వెనక్కి పోతే మన ఏనుగుల వీరాస్వామి ఉన్నాడు. 1830 మే నెలలో మద్రాసులో పరివారంతో బయల్దేరి కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ పోయాడు. దాదాపు మన దారే. ప్రతి మజిలీలో నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ పోయాడు. పల్లకీ మోసే బోయీలు అలిసిపోతే పల్లకీ ఆగిపోతుంది గనక ఆ లెక్క ఆయనకి తప్పదు. ఇప్పుడు బోయీ అలిసినా పల్లకీ గంటకి వందలో పోతూనే ఉంటుంది, అదీ తేడా.

సరే, తిట్టింది చాలు, మరి ఎలా ఆగాలి? కిలోమీటర్లని భాగించకండి, వెలుతురున్న గంటల్ని భాగించండి. మన వైపు మనుషులకి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరడం ఒక వ్రతం. దక్షిణాన అది కొంతవరకు చెల్లుతుంది. జనవరిలో ఆగ్రా దాటాక అదే వ్రతం ప్రాణాంతకం. అక్కడ పొగమంచు తొమ్మిది దాకా లేవదు, ఒక్కోరోజు పదకొండు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద చలికాలం స్పీడు లిమిట్ వంద నుంచి తగ్గిస్తారు, ఊరికే కాదు. 2025 డిసెంబరు 16న మథుర దగ్గర ఆ పొగమంచులోనే బస్సులూ కార్లూ ఒకదాన్నొకటి గుద్దుకుని తగలబడి పదిమందికి పైగా పోయారు. కాబట్టి ఉత్తరాన రోజుకి మీకు దొరికేది పది నుంచి ఐదున్నర దాకానే.

అలా లెక్కేస్తే మొదటి రాత్రి కామారెడ్డి, రెండోది నాగపూర్, మూడు సాగర్, నాలుగు గ్వాలియర్, ఐదు కర్నాల్, ఆరు మండీ. ఝాన్సీ, ఢిల్లీ కావాలని వదిలేశాను. సాయంత్రం ఆరింటికి ఢిల్లీలోకి దూరి హోటల్ వెతుక్కునేవాడికి దణ్ణం పెట్టాలి. మండీ మాత్రం వదలొద్దు. "ఇంకెంత, 110 కిలోమీటర్లేగా" అని చీకటిపడ్డాక ఘాటు ఎక్కే మహానుభావులు చాలామంది. 2023, 2025 వానాకాలాల్లో బియాస్ కోసేసిన రోడ్డది, పైన మంచు పడితే తారు మీద అద్దం పరిచినట్టే. 2024 డిసెంబరులో సోలాంగ్‌కీ టన్నెల్‌కీ మధ్య వెయ్యి బండ్ల దాకా ఇరుక్కుపోయి, రాత్రి పోలీసులు దింపాల్సొచ్చింది. పొద్దున ఎండెక్కాక బయల్దేరితే మధ్యాహ్నానికి మనాలీ.

"ఆరు రాత్రులా! మాకున్నది పదిరోజుల లీవు" అంటారు. పోను ఏడు రోజులు, రాను ఏడు రోజులు, స్కీయింగ్‌కి మిగిలేది మైనస్ నాలుగు :) అంతే మరి. లీవు చాలకపోతే కార్లో పోవద్దు. అనంతపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, దారిలో డ్రైవర్లని వాడే మారుస్తాడు. లేదా విమానంలో చండీగఢ్ పోయి అక్కడి కొండ డ్రైవర్ని మాట్లాడుకోండి, వాడికి మంచు తెలుసు. అప్పుడూ హోటల్‌కి ఫోన్ చేసి, ఈత కొలను సంగతి అడిగేముందు, డ్రైవరుకి మంచం, రజాయి, వేడినీళ్ళు ఉన్నాయా అని అడగండి. "చూద్దాం సార్" అంటే లేవని అర్థం. ఫోన్ పెట్టేసి ఇంకో హోటల్‌కి చెయ్యండి.