క్రొత్త కృతికి సభలో చోటు లేదా?

శాస్త్రీయసంగీతమునకు శ్రోతలు కరవైరని మన పెద్దలు తఱచుగా వాపోవుచుందురు. యువజనుల చెవులు సినిమాపాటలచే చెడినవని నిందింతురు. ఈ నింద శ్రోతలయందు పొసగదని మా యభిప్రాయము. నేరము సభలు నడుపువారిది, పాడువారిది, తుదకు గృహస్థులమైన మనది.

విజయవాడ సంగీతమునకు క్రొత్త యూరు కాదు. త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు ఇచ్చటనే విద్య గఱపిరి. వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు డెబ్బదిరెండు మేళకర్త రాగములందును కృతులు రచింపగా, అవి 1952లో గ్రంథరూపము దాల్చినవి. మహతి, లవంగి యను నాలుగేసి స్వరముల రాగములను గూడ వారు కల్పించిరి. 2016లో వారు దివంగతులైరి. ఆ డెబ్బదిరెండింటిలో మన యుత్సవములందు ఎన్ని విన్నారో చదువరులు తమ జ్ఞాపకమునే యడిగి చూచుకొందురు గాక! ఇంతటివారి కృతులకే యీ గతి పట్టగా, నేడు రచించువారి మాట చెప్పనేల?

“త్యాగరాజకృతులుండగా క్రొత్తవి యేల?” అని కొందఱందురు. మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో పారిపార్శ్వకుడును ఇట్టి ప్రశ్ననే వేసెను: భాసాదుల నాటకములుండగా నవీనుడగు కాళిదాసుని రచన యేల యని. ప్రాచీనత యొక్కటియే గుణము కాదని సూత్రధారుడు బదులు చెప్పెను. త్యాగరాజస్వామియు (1767–1847) తమ కాలమున నవీనులే. ఖరహరప్రియకు ప్రచారము వారి కృతులచేతనే కలిగినది. వారి పాటలను పట్టుకొని వారి సాహసమును విడుచుట భక్తి యగునా?

క్రొత్తవానిలో నీరసములు లేవా? కలవు. కాని వినకయే త్రోసివేసినచో మంచిచెడ్డలు తెలియుటెట్లు?

మేము బడిపంతులము. పద్యమొక్కసారి చదివి, బాలురకు రుచి లేదని నిందింపము. మరల మరల చదివి, అర్థము చెప్పి, వారిచే పలికింతుము. 1948లో నెలకొన్న విజయవాడ ఆకాశవాణి కేంద్రము భక్తిరంజనిని ఉదయముదయము వినిపించియే కదా మన లోగిళ్లలో తత్త్వములను, కీర్తనలను పాదుకొల్పినది! సంగీతసభలకు మాత్రమీ న్యాయము వర్తింపదా?

కావున ప్రతి కచేరిలోను ఒక నవీనకృతిని, జనము లేచిపోవు వేళ గాక, మొదటి భాగముననే పాడవలెను. పాడుటకు ముందు రాగమును, భావమును రెండు మాటలలో తెలుపవలెను. మఱుసటి కచేరిలో దానినే మరల పాడవలెను. ఇండ్లలో సంగీతము నేర్చుకొను పిల్లలకు నేటి వాగ్గేయకారుని కృతి యొక్కటైన చెప్పుడని గురువులను మనమే కోరవలెను. పేరంటములందు దానినే పాడింపవలెను.

నేటి కృతిని నేడు వినువారు లేకున్న, నూఱేండ్లకు మన మనుమల సంతతికి మన కాలపు పాట యని చెప్పుకొన నేమి మిగులును?