ఇంటి పన్నుతో సొమ్ము కట్టినా ఊరికి పుస్తకం రాదా?

కొత్త పుస్తకం వెలువడిందన్న వార్త పట్నంలో సభగా, దండగా, ఉపన్యాసంగా కనబడుతుంది. పల్లెలో అది పత్రికలో నాలుగు పంక్తుల వార్తగా మాత్రమే మిగిలిపోతుంది. ఆ పుస్తకం ఎవరి గురించి రాశారో, ఎవరి కోసం అచ్చు వేశారో ఆ జనానికే అది అందడం లేదు. పెద్ద పెట్టుబడి లేకుండా, ఏ పార్టీ అండా లేకుండా పుస్తకాలు తెస్తున్న చిన్న ప్రచురణ సంస్థల విషయంలో ఈ అన్యాయం మరింత ఎక్కువగా వున్నది. బాపట్ల జిల్లా ప్రజానీకం ఈ సంగతిని తమ సమస్యగా చూడవలసిన అవసరం వున్నది.

ఉదాహరణకు హైదరాబాద్ బుక్ ట్రస్టునే తీసుకోవచ్చు. సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి ప్రభృతులు 1980లో దీనిని ప్రారంభించారు. సామాన్యుడు కొనగలిగిన వెలకు, సామాన్యుడికి పనికివచ్చే పుస్తకం తెలుగులో ఇవ్వాలన్నది వారి సంకల్పం. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ సంస్థ నిలిచి వున్నది. వందలాది పుస్తకాలు తెచ్చింది. నారాయణరెడ్డి 2013లో కన్నుమూశారు. గీతా రామస్వామి 1980లలో ఇబ్రహీంపట్నం ప్రాంతంలో వ్యవసాయ కూలీల మధ్య, వారి భూమి హక్కుల కోసం పనిచేశారు. ఆ అనుభవాలతో ఆమె ఆంగ్లంలో రాసిన ఆత్మకథ 2022లో వెలువడింది.

ఎవరి కోసం ఈ పుస్తకాలు?

ఈ సంస్థ తెచ్చిన పుస్తకాలలో కొన్నింటిని చూస్తే అవి పల్లెకు ఎంత దగ్గరివో తెలుస్తుంది. ‘ఏడు తరాలు’ తొలి రోజుల్లోనే వచ్చింది. ఆఫ్రికాలోని గాంబియా నుంచి అమెరికాకు బానిసగా అమ్ముడుపోయిన కుంటా కింటే అనే యువకుని వంశం కథ అది. అలెక్స్ హేలీ ఆంగ్లంలో రాయగా 1976లో అచ్చయింది. సహవాసి అనే కలం పేరుతో జంపాల ఉమామహేశ్వరరావు దానిని తెలుగు చేశారు. ఎన్నో ముద్రణలు పొందింది. సముద్రాల అవతలి కథే అయినా, వెట్టిచాకిరీ ఎరిగిన తెలుగు పాఠకుడు దానిని తన తాతల కథగా చదువుకున్నాడు.

‘వైద్యుడు లేని చోట’ మరొకటి. మెక్సికో కొండపల్లెల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్ అక్కడి జనం కోసం ముందు స్పానిష్ భాషలో రాసిన పుస్తకానికి ఇది తెలుగు రూపం. పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ఎట్లా పట్టాలి, పాము కరిస్తే ఏమి చేయాలి, ఏమి చేయకూడదు, ఏ లక్షణం కనబడితే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి అన్న సంగతులు బొమ్మలతో సహా అందులో వున్నవి. రేపల్లె దిగువన లంక గ్రామాల వారికి, నిజాంపట్నం తీరాన మత్స్యకారులకు అర్ధరాత్రి వేళ అక్కరకు వచ్చే పుస్తకం ఇది.

జపాను రైతు మసనోబు ఫుకువోకా రాసిన ‘గడ్డి పరకతో విప్లవం’ కూడా ఇట్లాగే తెలుగులోకి వచ్చింది. దున్నకుండా, రసాయన ఎరువులు, పురుగు మందులు వేయకుండా వరి పండించిన మనిషి అనుభవం అది. ఆయన చెప్పినదంతా డెల్టా రైతు ఒప్పుకోనక్కరలేదు. కానీ మందుల కొట్టులో ఏటేటా అప్పు పెరుగుతున్న రైతు, వేరొక దారి వున్నదేమో చదివి, తర్కించి, తోసిపుచ్చే అవకాశమైనా పొందాలి గదా!

జిల్లాకు మరీ దగ్గరి పుస్తకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’. రచయిత న్యాయవాది బొజ్జా తారకం. కారంచేడులో 1985లో దళితుల హత్యలు జరిగినప్పుడు ఆయన హైకోర్టులో తన ప్రభుత్వ న్యాయవాది పదవిని వదులుకొని బాధితుల పక్షాన నిలిచారు. 1991లో చుండూరు ఘోరం జరిగినప్పుడూ అంతే. ఆ రెండు ఊళ్లూ నేడు ఈ జిల్లాలోనే వున్నవి. 2016లో ఆయన కన్నుమూశారు. అరెస్టయిన మనిషికి చట్టం ఇచ్చిన రక్షణలేమిటో చదువు అంతగా లేనివారికి సైతం బోధపడేటట్లు ఆయన రాశారు. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారినవి. అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణ కాలం మినహా, 24 గంటల లోపు మేజిస్ట్రేటు ఎదుట హాజరు పరచాలన్న రాజ్యాంగ నియమం మాత్రం మారలేదు. ఏది మారిందో, ఏది మారలేదో ఊరివారికి తెలియాలంటే చెదలు తిన్న పాత ప్రతులు చాలవు. గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు వస్తూ వుండాలి.

అచ్చు వేయడం ఒక ఎత్తు, చేరవేయడం ఒక ఎత్తు

ఇంతటి పుస్తకాలు పల్లెకు ఎందుకు రావు? చిన్న ప్రచురణకర్త సాధారణంగా 500 నుంచి 1000 ప్రతులు వేస్తాడు. తక్కువ ప్రతులు వేస్తే ఒక్కొక్క దానికి ఖర్చు పెరుగుతుంది. వెలలో మూడో వంతు దాకా అమ్మకందారు కమిషనుకే పోతుంది. అమ్మిన డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ డబ్బు వస్తే గాని మరొక పుస్తకం అచ్చుకు వెళ్లదు. ఇటీవలి సంవత్సరాలలో ఛాయ, అన్వీక్షికి వంటి సంస్థలు కూడా ఈ రంగంలోకి వచ్చి కొత్త రచయితలను పరిచయం చేయడం హర్షణీయమే. కానీ వారి పుస్తకాలు సయితం హైదరాబాదు, విజయవాడ దాటి మండల కేంద్రానికి రావడం అరుదు. విజయవాడలో జనవరి మొదటి రోజుల్లో జరిగే పుస్తక మహోత్సవానికి వెళ్లి కొనుక్కోవచ్చని అనవచ్చు. కూలి మానుకొని, బస్సు ఛార్జీలు పెట్టుకొని, పుస్తకం కోసం అంత దూరం వెళ్లగలవారు ఊరికి ఎందరు?

ఒకప్పుడు ఎమెస్కో వారి ‘ఇంటింటా గ్రంథాలయం’ పథకంలో సభ్యుల ఇంటికే తపాలాలో పుస్తకాలు వచ్చేవి. పుస్తకాలకు తపాలా శాఖ ఇస్తూ వచ్చిన చౌక బుక్ పోస్టు సదుపాయం 2024 డిసెంబరులో ఆగిపోయింది. ప్రచురణకర్తలు, పాఠకులు గగ్గోలు పెట్టారు. 2025 మే 1న ‘జ్ఞాన పోస్ట్’ పేరుతో వేరొక సదుపాయం వచ్చింది. అది మొదలైనప్పుడు 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్నులు అదనం అని రేటు పెట్టారు. ఒక్క పుస్తకానికి ఇది బరువే. కానీ పదిమంది కలిసి ఒకే కట్టగా తెప్పించుకుంటే తలకు పది రూపాయలకు కాస్త పైన పడుతుంది. ఈ సంగతి ఊళ్లలో ఎందరికి తెలుసు?

పడవ మీద వచ్చిన పుస్తకం

ఈ జిల్లాకు పుస్తకం కొత్త కాదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో వెలిసింది. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు నేటికీ అక్కడికి వస్తారు. 1935లో పాతూరి నాగభూషణం పూనికతో కొల్లూరు ప్రాంతపు కాలువ మీద గ్రంథాలయ పడవ నడిచింది. రోడ్లు లేని రోజుల్లో పుస్తకమే పడవెక్కి పాఠకుని రేవుకు వచ్చింది. ఊరూరికీ రోడ్డు పడిన ఈ రోజుల్లో పుస్తకం రావడం లేదంటే లోపం దారిలో లేదు.

లోపం ఎక్కడ వున్నదో ఇంటి పన్ను రశీదు చూస్తే తెలుస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతున్నది. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు పుస్తకాల కోసం కట్టినట్లే. వెయ్యి ఇళ్ల గ్రామంలో సగటున ఇంటికి 500 రూపాయల పన్ను అనుకున్నా ఏటా 40 వేల రూపాయలు అవుతుంది. జీతాలకు, భవనానికి, పత్రికలకు పోను అందులో నాలుగో వంతు పుస్తకాలకు పెట్టినా, 200 రూపాయల వెల గల పుస్తకాలు ఏటా 50 వస్తాయి. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థకు జమ చేయకుండా ఇతర ఖర్చులకు వాడుకోవడం, బకాయిలు పేరుకుపోవడం రాష్ట్రంలో ఏళ్ల తరబడి వింటున్న మాటే. పుస్తకం పేరిట తీసుకున్న సొమ్మును వీధి దీపాలకో, మురుగు కాలువలకో మళ్లించడం న్యాయం కాదు. దీపం కావలసిందే. దాని లెక్క వేరే వున్నది.

కావలసినవి గొంతెమ్మ కోరికలేమీ కావు. గ్రంథాలయ సెస్సు కింద ఎంత వసూలయింది, ఎంత జమ కట్టారు అన్నది ప్రతి పంచాయతీ గ్రామసభలో చదివి వినిపించాలి. గ్రంథాలయానికి పుస్తకాలు కొనేటప్పుడు పెద్ద సంస్థల జాబితాలతో సరిపెట్టక, చిన్న ప్రచురణ సంస్థల వాటికీ చోటు ఇవ్వాలి. ఏ పుస్తకం కావాలో పాఠకులు రాయడానికి గ్రంథాలయంలో ఒక నోటుపుస్తకం పెట్టి, ఏడాదికొకసారి అందులోని వాటిలో కొన్నింటినైనా తెప్పించాలి. ఉపాధ్యాయులు, యువజన సంఘాలు, పొదుపు సంఘాల మహిళలు కలిసి నెలకొక పుస్తకాల కట్ట తపాలాలో తెప్పించుకోవచ్చు. ఒక జిల్లాలో వంద గ్రామాలు తలకు ఐదు ప్రతులు తీసుకున్నా 500 ప్రతులు చెల్లిపోతాయి. చిన్న ప్రచురణకర్తకు అది పూర్తి ముద్రణ. అది అమ్ముడయితే అతడు మరొక పుస్తకం వేస్తాడు. అందులో ఈ జిల్లా రచయిత పుస్తకం కూడా వుండవచ్చు.

సెల్ ఫోనులో అన్నీ దొరుకుతుండగా పుస్తకం ఎందుకనే వారు వున్నారు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు ఫోనులో పది మంది పది మాటలు చెబుతారు. అందులో ఏది నిజమో చెప్పేవారు వుండరు. బాధ్యత గల పుస్తకానికి రాసినవారి పేరు, అచ్చు వేసినవారి పేరు వుంటాయి. తప్పు వుంటే నిలదీయవచ్చు.

ఈ ఏడాది ఇంటి పన్ను కట్టే ప్రతివారూ రశీదులో గ్రంథాలయ సెస్సు ఎంత వున్నదో చూసుకోవాలి. ఆ డబ్బుకు ఏ పుస్తకం వచ్చిందని గ్రామసభలో అడగాలి. సొమ్ము కట్టినవారికి ఆ హక్కు వున్నది. అడిగేవారు వుంటేనే లెక్క బయటికి వస్తుంది, పుస్తకమూ ఊళ్లోకి వస్తుంది.