ఐదేళ్ల వోటు, అరవై ఏళ్ల ముఆహదా

మొన్న ఫజర్ నమాజ్ కాగానే మా మామూజాన్‌ని దమ్మామ్ ఫ్లైట్ ఎక్కించడానికి ఖాందాన్ అంతా శంషాబాద్ వెళ్లాం. టికెట్ లేనిదే లోపలికి పోనివ్వరు కదా, బయటే దువాలు, ఏడుపులు అన్నీ అయ్యాయి. టికెట్ కాగితం చూస్తూ మా బేటీ అడిగింది: "అబ్బా, ఈ యూడీఎఫ్ ఏంటి?" ఎయిర్‌పోర్ట్ వాడుకున్నందుకు కట్టే రుసుము అన్నాను. "ఎంతో ఎవరు చెప్తారు? మనం వోటేసినవాళ్లా?"

పద్నాలుగేళ్ల పిల్ల సవాల్. అప్పటికప్పుడు జవాబు దొరకలేదు.

ఆ రుసుము తేల్చేది ఏరా అనే రెగ్యులేటరీ సంస్థ. అందులో ఉండేవాళ్లు నియమించబడినవాళ్లు, మనం ఎన్నుకున్నవాళ్లు కాదు. ఎయిర్‌పోర్ట్ నడిపేది జీఎంఆర్ కంపెనీ. 2004 డిసెంబర్‌లో కేంద్రంతో ముఆహదా అయింది, 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ తెరుచుకుంది. ముందు 30 ఏళ్లు, పైన ఇంకో 30. అంటే 2068 దాకా. అప్పటికి మా బేటీ నానీ అయి ఉంటుంది, ఇన్షాఅల్లాహ్. ఈ అరవై ఏళ్లలో అసెంబ్లీ ఎలక్షన్లు పన్నెండు దాకా వస్తాయి. ముఆహదా మాత్రం ఒక్కటే.

అందులో ఒక షర్తు చూడండి. ఎయిర్‌పోర్ట్ తెరిచిన 25 ఏళ్ల దాకా, 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్ట్ రాకూడదు. బేగంపేటలో మామూలు ఫ్లైట్లు ఆగిపోయాయి. వరంగల్ అవామ్ నిజాం నాటి మామునూరు ఎయిర్‌పోర్ట్ మళ్లీ తెరవమని ఏళ్ల తరబడి అడిగారు. దానికి అవామ్ మర్జీ ఒక్కటే చాలలేదు, కంపెనీ రజామందీ కావాల్సి వచ్చింది. కంపెనీ ఒప్పుకున్నాకే, 2025లో కేంద్రం ఇజాజత్ ఇచ్చింది. మనం వోటేసి గెలిపించిన హుకూమత్ ఇంకొకరి దర్వాజా తట్టాల్సి వచ్చిందన్నమాట.

ఎయిర్‌పోర్ట్ పక్కనుంచి పోయే ఔటర్ రింగ్ రోడ్డు సంగతీ అంతే. 158 కిలోమీటర్ల రోడ్డు టోల్ 2023లో 7,380 కోట్లకు, 30 ఏళ్లకు ప్రైవేటు కంపెనీకి పోయింది. అప్పుడు అపోజిషన్‌లో ఉండి దాన్ని తప్పుపట్టినవాళ్లే అదే సాల్ డిసెంబర్‌లో కుర్సీ ఎక్కారు. దర్యాప్తు అన్నారు. టోల్ గేటు దగ్గర మాత్రం ఏమీ మారలేదు.

1991 తర్వాత మనం పట్టిన రాస్తా ఇది. వోటు హక్ ఎవరూ గుంజుకోలేదు. ఆ వోటుతో మార్చగలిగిన వాటినే ఒక్కొక్కటిగా ముఆహదాల్లో పెట్టి తాళం వేశారు. జమ్హూరియత్ ఇలా కూడా కమ్జోర్ అవుతుంది, ఏ చప్పుడూ లేకుండా.

"వాదా చేశాక నిలబడొద్దా? వేల కోట్లు పెట్టినవాడికి ఐదేళ్లలో వసూలవుతుందా?" అని మా భాయ్ అడిగాడు. వాజిబ్ మాటే. ఈ ఎయిర్‌పోర్ట్ ఎంతోమంది మన పిల్లలకు నౌక్రీలిచ్చింది, అదీ నిజమే. కానీ మన మస్జిద్ ముతవల్లిని గుర్తు చేసుకోండి. ఆయన వక్ఫ్ జమీన్‌కి మాలిక్ కాదు, అమీన్. తన మర్జీ ప్రకారం ఎన్నేళ్లకైనా కిరాయికి ఇచ్చే ఇఖ్తియార్ ఆయనకు లేదు, వక్ఫ్ చట్టంలోనే పాబందీ ఉంది. మరి ఐదేళ్ల అమీన్ అయిన వజీర్‌కి, ఇంకా పుట్టని పిల్లల హక్ మీద దస్తఖత్ చేసే ఇఖ్తియార్ ఎక్కడిది?

నేను అడిగేది చిన్నదే. ఐదేళ్లు దాటే ఏ ముఆహదా అయినా దస్తఖత్ కాకముందే అసెంబ్లీలో పెట్టాలి. షర్తులు తెలుగులో, ఉర్దూలో అవామ్ ముందుంచాలి. వచ్చే ప్రతి అసెంబ్లీకి వాటిని తిరిగి చూసే హక్ ఉండాలి.

ఈసారి మీ గల్లీకి వోటు కోసం వచ్చినవాళ్లను నాలీ గురించి, పెన్షన్ గురించి తప్పకుండా అడగండి. దాంతోపాటు ఇదొక్కటి కూడా అడగండి: "సాబ్, మీరు దస్తఖత్ పెట్టేది ఎన్నేళ్లకు?"