మేయరుకు మంచు భయం

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ వారమంతా ఒకటే వీడియో తిరిగింది. అమెరికాలో ఏదో చిన్న ఊరు. కిటికీ అవతల మోకాలి లోతు మంచు, ఇవతల నగర కౌన్సిల్ సమావేశం. సభ్యులు కోట్లు కూడా విప్పకుండా కూర్చుని గత సమావేశం మినిట్స్ ఆమోదించారు. ఓ రెస్టారెంటుకు మద్యం లైసెన్సు ఇచ్చారు. రోడ్ల మీద చల్లే ఉప్పు తాలూకు బిల్లు పాస్ చేశారు. లేచి ఇళ్లకు వెళ్లిపోయారు. అక్కడ కొడుకు దగ్గరున్న ఓ పెద్దాయన దాని కింద వ్యాఖ్య పెట్టారు: క్రమశిక్షణ అంటే ఇదీ, మనవాళ్లకు ఎన్ని జన్మలెత్తినా రాదు అని. దానికి బోలెడు చప్పట్లు.

ఆ చప్పట్లు చూసి నాకు ఒళ్లు మండింది. మంచులోనూ పని ఆగకపోవడం వాళ్ల రక్తంలోనే ఉందనీ, వానకు మునగడం మన నుదుటిన రాసి ఉందనీ అనుకోవడమంత సుఖం మరొకటి లేదు. అలా అనుకున్నాక ఇక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. నా మట్టుకు నేను నమ్మేది వేరు. అంత మంచులో ఆ కౌన్సిల్ నిమ్మళంగా మద్యం లైసెన్సు గురించి మాట్లాడుకోగలిగిందంటే దాని వెనకున్నది భయం. కొందరు మేయర్ల కుర్చీలు పోయాక పుట్టిన భయం.

షికాగో సంగతే చూడండి. 1979 జనవరి 13, 14 తేదీల్లో ఆ నగరం మీద 20 అంగుళాలకు పైగా మంచు పడింది. రెండు వారాల కిందట కొత్త సంవత్సరం వేళ పడ్డదాన్నే ఇంకా పూర్తిగా ఎత్తలేదు, దాని మీద ఇది. ఓహేర్ విమానాశ్రయం మూతపడింది. చెత్త బండ్లు సందుల్లోకి రాలేకపోయాయి. వీధుల్లో కార్లు కూరుకుపోయి ఉంటే మంచు తీసే బండ్లకు దారే లేదు. అప్పటి మేయర్ మైకేల్ బిలాండిక్. 21 ఏళ్లు నగరాన్ని ఏలిన రిచర్డ్ డేలీ 1976 డిసెంబరులో చనిపోతే కౌన్సిల్ సభ్యులు తమలోంచి ఏరి కూర్చోబెట్టిన మనిషి. మరుసటి ఏడాది ప్రత్యేక ఎన్నికలో జనం చేతా ముద్ర వేయించుకున్నాడు. పార్టీ యంత్రాంగం మొత్తం ఆయన వెనకే ఉంది.

బడుల పార్కింగ్ స్థలాలు శుభ్రం చేయించాం, మీ కార్లు అక్కడికి తరలించండి అని నగర పాలకులు ప్రకటించారు. జనం కార్లు ఎలాగో లాక్కుని వెళ్లి చూస్తే అక్కడా మంచు గుట్టలే. మంచు తొలగింపు ప్రణాళిక రాసిపెట్టమని మాజీ డిప్యూటీ మేయర్‌కే 90 వేల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చిన సంగతి బయటికొచ్చింది. రైళ్లు ఆలస్యమవుతున్నాయని నల్లజాతివారుండే పేటల్లో కొన్ని స్టేషన్లను వదిలేసి నడిపారు. ఎముకలు కొరికే చలిలో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నవాడి కళ్ల ముందు నుంచే నిండు రైలు ఆగకుండా పోయింది. అతనికి ఓటుంది. ఎన్నిక ఆరు వారాల దూరంలో ఉంది.

ఫిబ్రవరి 27న డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ జరిగింది. బిలాండిక్ తానే ఉద్యోగంలోంచి తీసేసిన జేన్ బర్న్ చేతిలో 17 వేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఏప్రిల్‌లో ఆమె షికాగోకు తొలి మహిళా మేయర్ అయింది.

ఇదంతా మంచు మహిమే అనేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. 1967 జనవరిలో అదే షికాగోలో 23 అంగుళాలు పడింది. ఒక్క తుపానులో అంత మంచు పడటం ఆ నగరంలో ఇప్పటికీ రికార్డే. ఆ ఏప్రిల్‌లోనే ఎన్నిక వస్తే డేలీ హాయిగా గెలిచాడు. మంచు ఎక్కువ పడ్డప్పుడు గెలుపు, తక్కువ పడ్డప్పుడు ఓటమి! జనం ఆకాశాన్ని క్షమిస్తారు. తీయని మంచును తీశామని చెప్పినవాణ్ని క్షమించరు.

షికాగో ఒక్కటే కాదు. 1982 క్రిస్మస్ ముందురోజు డెన్వర్ మంచులో మునిగింది. ఏళ్ల తరబడి మేయర్‌గా ఉన్న బిల్ మెక్‌నికల్స్ మరుసటి ఏడాది ఇంటికి వెళ్లాడు. 2008 డిసెంబరులో సియాటిల్ వీధులు రోజుల తరబడి గడ్డకట్టాయి. సముద్రపు నీరు పాడవుతుందని ఉప్పు చల్లనివ్వని మేయర్ గ్రెగ్ నికెల్స్ మరుసటి ఆగస్టులో ప్రైమరీ కూడా దాటలేకపోయాడు. న్యూయార్క్‌లో మేయర్ జాన్ లిండ్సే గెలిచాడు కదా అని ఎవరైనా అడ్డుకోవచ్చు. గెలిచాడు. 1969 ఫిబ్రవరిలో 15 అంగుళాల మంచు పడి 42 మంది చనిపోయి, క్వీన్స్ వీధులు రోజుల తరబడి తీయకుండా పడి ఉంటే, ఆ జూన్‌లో సొంత పార్టీ ప్రైమరీలో ఓడి, వేరే పార్టీ టికెట్ మీద, మంచు విషయంలో తప్పు చేశానని టీవీలో ఒప్పుకుని మరీ నవంబరులో గెలిచాడు. మన దగ్గర వరదలో తప్పు చేశానని టీవీలో చెప్పిన మేయర్ పేరు ఒక్కటి చెప్పండి, ఈ శీర్షిక రాయడం మానేస్తాను.

ఇలాంటి దెబ్బలు తిన్నాక భయం మెల్లగా పద్ధతిగా మారింది. ఉప్పు బేరాలు ఎండాకాలంలోనే కుదిరిపోతాయి. ఏ రోడ్డు ముందు, ఏది తర్వాత అన్నది పటం మీద రాసి ఉంటుంది. మినియాపొలిస్‌లో మంచు అత్యవసరం ప్రకటించారంటే పని మూడు రోజులు: మొదటి రాత్రి ముఖ్యమైన రోడ్లు, రెండో రోజు మిగతా వీధుల్లో సరిసంఖ్య ఇళ్ల వైపు, మూడో రోజు బేసిసంఖ్య ఇళ్ల వైపు. ఏ రోజు ఏ పక్క కారు పెట్టకూడదో ఆ ఊళ్లో కాలేజీ పిల్లలకు కూడా తెలుసు. మంచు పడ్డ రోజున కౌన్సిల్లో దాని గురించి చర్చే ఉండదు, ఎందుకంటే ఎప్పుడో తేలిపోయింది. మద్యం లైసెన్సుకు తీరిక దొరికింది అందుకే.

అమెరికాను నెత్తికెత్తుకుంటున్నానని అనుకోకండి. నా పాత గోల ఒకటుంది, ఈ శీర్షిక చదివేవాళ్లకు కొత్త కాదు: కాలిబాట. షికాగోలో రోడ్డు మీద మంచు తీసే పూచీ నగరానిది, ఇంటి ముందు కాలిబాట మీద తీసే పూచీ ఇంటివాడిది. నగరం బండి పోతూ పోతూ రోడ్డు మీది మంచునంతా అంచుకు నెడుతుంది. అది వెళ్లి కాలిబాట మొదట్లోనూ బస్టాపు దగ్గరా గుట్టపడుతుంది. కారున్నవాడికి దారి దొరుకుతుంది. చంకలో పిల్లాడితో బస్సు కోసం వచ్చిన తల్లి ఆ గుట్ట ఎక్కి దిగాలి. మంచులోనైనా ఎండలోనైనా నగర పాలన ముందు చూసేది కారునే.

దీన్ని తిరగేసి చూసిన ఊరు ఒకటుంది. స్వీడన్‌లో కార్ల్‌స్కోగా అనే చిన్న పట్టణం. ముందు పెద్ద రోడ్లు, చివర కాలిబాటలు అన్న వరసను పాలకులు తలకిందులు చేశారు. ఆడవాళ్లు ఎక్కువగా నడుస్తారు, బస్సెక్కుతారు, పిల్లల్ని బడిలో దింపుతారు, కాబట్టి ముందు కాలిబాటలు, సైకిల్ దారులు, పిల్లల బడుల చుట్టుపక్కల దారులు తీయాలన్నారు. కారుకు నాలుగంగుళాల మంచు పెద్ద లెక్క కాదు, తోపుడుబండిలో పిల్లను నెట్టుకెళ్లేవాళ్లకు అదే కొండ. జారిపడి ఆస్పత్రికి చేరేవాళ్లలో నడిచేవాళ్లే ఎక్కువని వాళ్లు చూశారు. స్టాక్‌హోం కూడా ఈ దారి పట్టింది. 2016 నవంబరులో అక్కడ ఆ నెలలో ఎన్నడూ లేనంత మంచు పడి నగరం స్తంభించేసరికి ఆడవాళ్ల మంచు విధానం అంటూ దేశదేశాల పత్రికలు వెక్కిరించాయి. అంత మంచుకు ఏ వరసలో తీసినా నగరం ఆగేదే. కారువాడి పద్ధతి దెబ్బతింటే అది వాతావరణం తప్పు, నడిచేవాడి పద్ధతి దెబ్బతింటే అది విధానం తప్పు!

మంచు తీసే వరస అంటే చూడ్డానికి ఎంత చప్పటి ఎజెండా అంశం! సమావేశంలో సగంమంది ఆవులిస్తారు. ఆ చప్పటి అంశంలోనే ఊరు ఎవరిదో తేలిపోతుంది. మన కౌన్సిళ్ల ఎజెండాలో కాలిబాట అన్న మాట కనిపించిందంటే టైల్స్ కాంట్రాక్టు వచ్చిందని అర్థం. వేసిన టైల్స్ మీద ట్రాన్స్‌ఫార్మర్, పాన్ డబ్బా, షోరూం మెట్లు, వరసగా స్కూటర్లు. నడిచేవాడు రోడ్డు మీద.

చలి మన దేశానికి కొత్తేం కాదు, ఆ చలిలో మన కార్పొరేషన్లూ తమ మామూలు పని తాము చేసుకుపోయాయి. కామన్వెల్త్ క్రీడలకు ముస్తాబవుతున్న ఢిల్లీలో 2009 డిసెంబరు చివర్లో పూసా రోడ్డు కూడలి దగ్గర ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే తాత్కాలిక గుడారాన్ని కార్పొరేషన్ పీకేసింది. సుందరీకరణ వాళ్ల ఫైల్లో మామూలు అంశం. పత్రికల్లో వార్తలు చూసి హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2010 జనవరిలో సుప్రీంకోర్టు కల్పించుకుని రాత్రి బసలు ఏర్పాటు చేయమంది. ఓటరు చేయాల్సిన పని న్యాయమూర్తులు చేశారు. ఎందుకంటే ఢిల్లీ మేయర్‌ను ఎన్నుకునేది కౌన్సిలర్లు, అదీ ఏడాదికి ఒకర్ని. ఈ చలికాలానికి ఒకరు, వచ్చే చలికాలానికి ఇంకొకరు. ఎవర్ని ఓడించాలి?

మన సంగతికి వద్దాం. 2020 అక్టోబరు 13న హైదరాబాద్ మీద కుంభవృష్టి కురిసింది. కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇంటికి 10 వేల రూపాయల సాయం పంచారు. డిసెంబరు 1న కార్పొరేషన్ ఎన్నికల పోలింగ్. షికాగో లాగే ఇక్కడా ఓటు ఆరేడు వారాల దూరంలోనే వచ్చింది. ఓటరు కొట్టాల్సిన దెబ్బ కొట్టాడు కూడా. అధికార పార్టీ టీఆర్‌ఎస్ 99 డివిజన్ల నుంచి 56కు పడిపోయింది, 4 ఉన్న బీజేపీ 48కి ఎగబాకింది. మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2. తీరా 2021 ఫిబ్రవరిలో మేయర్ పీఠం ఎవరికి దక్కింది? మజ్లిస్ మద్దతుతో అదే టీఆర్‌ఎస్‌కు. 2024 మార్చిలో మేయర్ కాంగ్రెస్‌లో చేరారు. పార్టీ మారింది, కుర్చీ మారలేదు. 150 డివిజన్లలో రెండే గెలిచిన పార్టీకి నగర మేయర్ దొరికారు. ఇందులో ఓటరు పాత్ర ఎక్కడుందో నాకు ఎవరైనా చూపించండి.

ఇదే హైదరాబాద్‌లో 2002లో జనం నేరుగా ఓటేసి తీగల కృష్ణారెడ్డిని మేయర్‌గా ఎన్నుకున్నారు. తర్వాత ఆ హక్కు చడీచప్పుడు లేకుండా వెనక్కి పోయింది. ప్రత్యక్ష ఎన్నిక పెడితే డబ్బున్నవాడే గెలుస్తాడంటారు. పరోక్ష ఎన్నికలో క్యాంపు రాజకీయాలకు రిసార్టుల బిల్లు ఎవరు కడుతున్నారట?

కౌన్సిల్ ఉన్న ఊళ్ల గతి ఇది. అసలు కౌన్సిలే లేని ఊళ్ల మాటేమిటి? విశాఖ కార్పొరేషన్ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది, మళ్లీ ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. మధ్యలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరాన్ని నుగ్గు చేసింది. ఊరు ఊరంతా చెట్ల కింద, చీకట్లో ఉన్న ఆ రోజుల్లో విశాఖకు మేయర్ లేడు, కార్పొరేటర్ లేడు, ఉన్నది స్పెషల్ ఆఫీసర్. బెంగళూరు కార్పొరేషన్‌కు 2020 సెప్టెంబరులో పాలకవర్గం గడువు తీరింది. 2022 సెప్టెంబరులో ఐటీ కారిడార్‌లో ట్రాక్టర్ల మీద ఆఫీసులకు వెళ్తున్నప్పుడు కూడా ఎన్నికైన కౌన్సిల్ లేదు. హైదరాబాద్‌లోనూ 2014 డిసెంబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా స్పెషల్ ఆఫీసరే. అధికారులు పని చేయరని నేను అనను. హుద్‌హుద్ తర్వాత విశాఖలో రాత్రింబవళ్లు పనిచేసినవాళ్లున్నారు. కానీ స్పెషల్ ఆఫీసర్‌కు బదిలీ భయం ఉంటుంది గానీ ఓటమి భయం ఉండదు. బదిలీ పైనుంచి వస్తుంది కాబట్టి అతని చూపు పైకే. నగరపాలికలకు అయిదేళ్లకోసారి ఎన్నిక తప్పనిసరి అని 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచి అమల్లో ఉంది. వార్డుల విభజన, రిజర్వేషన్ల లెక్క, కోర్టు కేసు అంటూ ఏ ప్రభుత్వమైనా దాన్ని ఎన్నేళ్లయినా అటక మీద పెట్టగలదు, పెడుతోంది కూడా.

కాబట్టి వచ్చే పురపోరులో అభ్యర్థి చేతులు జోడించుకుని మీ గుమ్మంలోకి వస్తే నాలా గురించీ వీధి దీపం గురించీ తర్వాత అడగండి. మేయర్‌ను మా ఓటుతో మేమే ఎన్నుకునే చట్టం మీ పార్టీ తెస్తుందా, గడువు తీరిన మర్నాటి నుంచి స్పెషల్ ఆఫీసర్‌ను పెట్టబోమని రాసిస్తుందా అని ముందు అడగండి. అదంతా అధిష్ఠానం చూసుకుంటుందని అంటే ఆ కరపత్రం అక్కడే తిరిగిచ్చేయండి. అలాంటివాణ్ని నాలా గురించి అడిగినా దండగే. దానికీ అధిష్ఠానం వైపే చూస్తాడు.