విప్పి చూడలేని మిషన్ మనకెందుకు?



ఎరువు కొనం, మందు కొనం, అన్నీ మన ఇంటి ఆవు దగ్గరనే ఉన్నయని చెప్పుకుంటం. కానీ పెట్టె విప్పితే వారంటీ పోతదని రాసి ఉన్న మిషన్లు మాత్రం కొనుక్కొస్తున్నం. ఈ రెండూ పొసగవని నా అభిప్రాయం.

మాది కోరుట్ల పక్కన. పసుపుల మక్క వేస్తం. రెండేండ్ల కింద ఎలక్ట్రానిక్ పెట్టె ఉన్న విత్తనాల బండి కొన్న. వాన పడ్డ రెండో రోజే ఆగింది. అమ్మినాయన "మీరు విప్పొద్దు, కంపెనీకి పంపాలె" అన్నడు. అది తిరిగొచ్చేసరికి పదును పోయింది.

మా బామ్మర్ది సిరిసిల్లల సాంచాలు బాగుచేస్తడు. ఇద్దరం కూర్చొని సొంతంగ ఒకటి చేసినం. వీడియోల చూసింది అదే. ఆర్డునో ఊనో బోర్డు, నీమా 17 స్టెప్పర్ మోటర్, ఏ4988 డ్రైవర్, 12 వోల్టుల బ్యాటరీ, అంతే.

మామూలు మోటర్ కరెంటు ఇస్తే తిరుగుతనే ఉంటది. స్టెప్పర్ అడుగులేసినట్టు తిరుగుతది, ఒక చుట్టుకు 200 అడుగులు. గింజల పళ్లానికి 8 రంధ్రాలు, అంటే 25 అడుగులకు ఒక గింజ. బండి చక్రం చుట్టుకొలత 120 సెంటీమీటర్లు. దానికి 12 అయస్కాంతాలు పెట్టినం. సెన్సార్ ముందు నుంచి ఒక్కొక్కటి పోయినప్పుడల్లా బోర్డు 10 సెంటీమీటర్లు లెక్క వేస్తది. మక్కకు 20 సెంటీమీటర్లకు ఒక గింజ, కందికి 30. పళ్లెం మార్చి, ప్రోగ్రాంల ఒక్క అంకె మారిస్తే సరి.

మొదటిసారి తప్పు కూడా జరిగింది. బీజామృతం పట్టించిన గింజలు నీడల పూర్తిగ ఆరలేదు, పళ్లానికి అంటుకున్నయి. మోటర్ అడుగులు తప్పింది. తప్పిన సంగతి బోర్డుకు తెల్వదు, దాని లెక్క అది వేసుకుంటనే పోయింది. మొలకలొచ్చినంక చూస్తే సాళ్లల్ల ఖాళీలు. కానీ ఈసారి ఎవరికీ పంపలేదు. గింజలు బాగా ఆరబెట్టినం, మోటర్ వేగం తగ్గించినం, డ్రైవర్ మీది చిన్న స్క్రూతో కరెంటు సరిచేసినం. ఒక్క రాత్రిల అయిపోయింది.

అన్నిటికీ ఇది కావాలని నేను అనను. 200 లీటర్ల జీవామృతం కలపడానికి కట్టె చాలు. ఒకే పంట, ఒకే దూరం అయితే చెయిన్ తో నడిచే బండే మేలు. తీరుతీరు పంటలేసి, లెక్క మారే కాడనే స్టెప్పర్ పనికొస్తది.

"ఇవి చదువుకున్నోళ్ల పనులు" అంటరు కొందరు. ఆలేరు చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితోనే బడి మానేసిన్రు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 9 వేల సార్లు తిప్పాలె. అమ్మ పడే ఆ కష్టం చూడలేక 1999ల ఆసు యంత్రం చేసిన్రు. 2017ల పద్మశ్రీ వచ్చింది.

ఆర్డునో బోర్డు నమూనా అందరికీ తెరిచే ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు కాలేజీలల్ల ఇది నేర్చుకున్న పిల్లలున్నరు. వాళ్లను పొలానికి పిలువున్రి. ఇగ ఏ మిషన్ కొన్నా ముందు మూడు ప్రశ్నలు అడగున్రి: విప్పొచ్చా? ప్రోగ్రాం ఇస్తరా? విడిభాగాలు దగ్గర్ల దొరుకుతయా? కాదంటే, యూరియా బస్తా వదిలి ఇంకో దుకాణం ముంగట నిలబడ్డట్టే.