కుండీ సైజు ఎంత?

డైనింగ్ టేబుల్ లేకుండా రెండేళ్లు కాపురం చేయొచ్చు. మేం చేశాం. నిజాంపేటలో నాలుగో అంతస్తు, టూ బీహెచ్‌కే, అద్దె ఇల్లు. హాల్లో ఒక చాప, గోడకి ఆనించిన రెండు మడత కుర్చీలు, నా వర్క్ ఫ్రమ్ హోమ్ టేబుల్. తినేది కింద కూర్చునే. ఎవరైనా వస్తే "కింద కూర్చుని తింటే అరుగుదల బాగుంటుందంట" అని కవర్ చేసేవాణ్ని. అసలు కారణం వేరు. "ఎలాగూ వెళ్లిపోతాం కదా!"

ఎక్కడికో చెప్పక్కర్లేదు, మీ ఫ్రెండ్స్‌లోనూ నాలాంటివాళ్లు ఉండే ఉంటారు. మార్చి వచ్చిందంటే హెచ్-1బీ లాటరీ. ఏడాదికి 85 వేల వీసాలు, అందులో ఒకటి మనది కాకపోతుందా అని ఆశ. మా కంపెనీ మూడుసార్లు నా పేరు వేసింది, మూడుసార్లూ రాలేదు. ఈలోగా ఇంట్లోకి ఏది కొందామన్నా నాది ఒకటే ప్రశ్న, "అమ్మేటప్పుడు ఎంతొస్తుంది?" పెళ్లికి మామయ్యగారు టేకు మంచం చేయిస్తానంటే కూడా వద్దన్నాను.

నిన్న శనివారం మా ఆవిడ "ఊరికే చూసొద్దాం, కొనొద్దులే" అంది. పెళ్లయినవాళ్లకి ఆ మాటకి అర్థం తెలుసు. ఔటర్ వైపు వెళ్లే దారిలో పెద్ద షెడ్డు లాంటి షాపు. ముందంతా ఫర్నిచర్, వెనకాల నర్సరీ.

ఫర్నిచర్ షాపుకి షికారు వెళ్లడం మన హైదరాబాద్‌కి కొత్తేం కాదు. 2018 ఆగస్టులో హైటెక్ సిటీలో ఐకియా తెరిచినప్పుడు నేను ఇంజినీరింగ్ ఫైనలియర్. దేశంలోనే మొదటిది అన్నారని హాస్టల్ నుంచి ఆరుగురం వెళ్లాం. కనపడిన సోఫాలన్నిట్లో కూర్చుని, బిర్యానీ తిని, ఒక్క చెంచా కూడా కొనకుండా వచ్చేశాం. జంటగా వెళ్తే మాత్రం అంత తేలిక కాదు. నిన్న మా పక్క సోఫాలో ఇంకో జంట నవ్వుమొహాలతోనే, గుసగుసగా, గట్టిగా పోట్లాడుకుంటున్నారు.

మాకు నచ్చింది నలుగురు కూర్చునే షీషమ్ టేబుల్. 28 వేలు. పక్కనే అచ్చం అలాంటిదే 11 వేలు. "రెండూ వుడ్డే సార్" అన్నాడు సేల్స్ కుర్రాడు. అబద్ధం కాదు పాపం. రెండోది పార్టికల్ బోర్డు. చెక్కపొట్టుకి జిగురు కలిపి నొక్కేసిన పలక, పైన చెక్క గీతలు ప్రింట్ చేసిన పొర. కనిపెట్టాలంటే వంగి అంచు చూడండి. పైనున్న గీత అంచు మీదుగా కిందికి దిగితే అసలు చెక్క. అంచు దగ్గర టక్కున ఆగిపోయి, పక్కన టేపు అతికించినట్టుంటే బోర్డే. బోర్డు చెడ్డదని కాదు, నా వర్క్ టేబుల్ అదే. కాకపోతే దానికి ఇద్దరు శత్రువులు, నీళ్లు ఒకటి, ఇల్లు మారడం ఒకటి. తడిసి ఉబ్బిందంటే మళ్లీ అణగదు. స్క్రూలు విప్పి మళ్లీ బిగిస్తే మొదటి పట్టు ఉండదు.

ఇంత తెలిసీ నేను 11 వేల దాని దగ్గరే ఆగాను. "రెండేళ్లు నడిస్తే చాలు కదా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టేపు తీసి 28 వేల టేబుల్ పొడవు, వెడల్పు కొలిచి, ఫోన్‌లో రాసుకుని, మొక్కల వైపు వెళ్లిపోయింది.

వాళ్లది కడియం దగ్గర. గోదావరి పక్కన ఆ ఊళ్లలో ఎటు చూసినా నర్సరీలే. మొక్క కొనడం ఆవిడ దగ్గర నేర్చుకోవాలి. విరగబూసిన మొక్క జోలికి అసలు పోదు. "పూలు ఇంటికెళ్లేలోపు రాలిపోతాయి, చిగుళ్లు చూసి కొనాలి" అంటుంది. కవరు ఎత్తి అడుగున చూస్తుంది. కన్నాల్లోంచి వేళ్లు బయటికొచ్చి చుట్టుకుపోయి ఉంటే పక్కన పెట్టేస్తుంది. "ఎక్కడివి బాబూ ఇవి?" అంటే "కడియం మేడం" అన్నాడు. "ఆయ్, మా ఊరే" అని పది రూపాయలు తగ్గించింది.

చివరికి జానెడు కరివేపాకు మొక్క ఒకటి ఎంచుకుంది. మా బాల్కనీలో ఇప్పటిదాకా ఉన్నవన్నీ ఆరంగుళాల కుండీలే. వెళ్లేటప్పుడు ఎవరికైనా ఇచ్చేయొచ్చని. అలవాటు కొద్దీ అలాంటిదే ఒకటి పట్టుకొచ్చాను. ఆవిడ పద్నాలుగు అంగుళాల దాని మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది.

"అందులో మట్టి నింపి తడిపితే పాతిక కేజీలు దాటుతుంది. షిఫ్టింగ్‌లో ఎవడు మోస్తాడు?" అన్నాను.

మా ఆవిడ నన్ను మామూలుగా నువ్వు అంటుంది. మీరు అందంటే కేసు సీరియస్.

"మీరు ఎప్పుడు వెళ్తారో చెప్పండి. దాన్నిబట్టి కుండీ కొంటాను. ఆర్నెల్లయితే ఇది చాలు. ఈ మొక్క ఆకు తెంపాలంటే ఏడాది పైనే పడుతుంది."

మీకు చెప్పలేదు కదా, ఆవిడకీ చెప్పలేదు. 2025 సెప్టెంబర్‌లో అమెరికా బయటి నుంచి వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. ఈసారి ఇక్కణ్నుంచి ఎవరి పేరూ వేయట్లేదని మూడు వారాల కిందట మా మేనేజర్ మెయిల్ పెట్టాడు. రెండంటే రెండు లైన్లు. చదివి ఆర్కైవ్ చేసేశాను. ఇంట్లో ఏ మొహంతో చెప్పను? మంచం వద్దన్నవాణ్ని నేనే కదా.

వర్మీ కంపోస్టు బస్తాల మధ్య నిలబడి చెప్పాను.

"ఎన్నాళ్లయింది?" అంది.

"మూడు వారాలు."

"పోయిన గురువారం మా ఆఫీసులో టీమ్ లీడ్‌గా చేస్తావా అని అడిగారు. ఏడాది కూడా ఉంటామో లేదో అని వద్దన్నాను."

నాకు నోట మాట రాలేదు. సారీ అన్నాను గానీ ఆ మాట నాకే చిన్నగా వినిపించింది. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. కుర్రాణ్ని పిలిచి "ఇది, రెండు బస్తాలు ఎర్రమట్టి, ఒక కోకోపీట్" అంది. బిల్లు కౌంటర్ దగ్గర మాత్రం, "సోమవారం వెళ్లి అడుగుతా. ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే" అంది. ఇది రాస్తున్నది ఆదివారం రాత్రి.

టేబుల్ కొనలేదు. కొలతలు ఆవిడ ఫోన్‌లో ఉన్నాయి. పొద్దున నేను లిఫ్ట్ తలుపు కొలిచాను, పడుతుంది.

నిన్న వచ్చేటప్పుడు డిక్కీలో కుండీ, ఒక బస్తా పట్టాయి. రెండో బస్తా ముందు సీట్లో పెట్టాల్సొచ్చింది. మొక్క ఒళ్లో పెట్టుకుని ఆవిడ వెనక కూర్చుంది. బండి స్టార్ట్ చేయగానే, ముందు సీట్లో మనిషున్నాడనుకుని కారు బీప్ బీప్ అని ఒకటే గోల. దిగి మట్టి బస్తాకి సీట్ బెల్ట్ పెట్టాను. అప్పుడు వెనక నుంచి చిన్నగా నవ్వు వినిపించింది. అద్దంలో చూసేసరికి కిటికీ వైపు తిరిగిపోయింది.