పాత బండి చెప్పు పాఠము

‘పాత యొక రోత, క్రొత్త యొక వింత’ అని సామెత. వస్త్రముల విషయమున, వార్తల విషయమున ఇది నిజమే కావచ్చును. మోటారు కారు విషయమున మాత్రము దీనిని యథాతథముగా అంగీకరించుటకు ముందు కొంత ఆలోచింపవలసి యున్నది. క్రొత్త కారు కొనలేనివాడే పాత కారు కొనునని లోకము తలచును. తెలిసి కొనువారును కొందరు కలరు. ఆ తెలివి యెట్టిదో విచారించుట వృథాశ్రమ కాదు.

నిజామాబాదు జిల్లాలో వర్ని యొక చిన్న మండల కేంద్రము. బోధన్ వైపునకు, బాన్సువాడ వైపునకు పోవు దారిప్రక్కన కొంతసేపు నిలిచి వాహనముల సంఖ్యాఫలకములను చదివినచో జిల్లా చరిత్రయే కన్నుల ముందు కదలును. ‘ఏపీ 25’ అని యున్న బండి 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడుటకు పూర్వమే నమోదైనది. ‘టీఎస్ 16’ అని యున్నది అటు తరువాతిది. ‘టీజీ’ అక్షరములు 2024లో వచ్చినవి. ‘ఏపీ 25’ ఫలకము గల బండి పదేండ్లకు పైబడి యెండకు ఎండి, వానకు తడిసి, యింకను యజమానిని గమ్యమునకు చేర్చుచున్నదన్న మాట. అట్టి బండిని చూచి నవ్వువారు నవ్వుదురు గాక. అది తన పని తాను చేయుచునే యున్నది.

ఈ ప్రాంతమునకును చక్రములకును గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. మంజీరా నదిపై 1923లో ఆరంభమైన నిజాంసాగరు నిర్మాణము 1931లో ముగిసినది. కాలువనీరు పారిన పిమ్మట కోస్తా జిల్లాల రైతులు పలువురు వలస వచ్చి, పొలముల నడుమ ‘క్యాంపు’లు కట్టుకొని స్థిరపడిరి. 1932 జూన్ మాసమున నిజాము ప్రభుత్వ రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించినది. 1937లో బోధన్‌లో చక్కెర కర్మాగారము స్థాపితమైనది. అది 2015లో మూతబడినది. వరి, చెరకు, కాలువ, కర్మాగారము, వీని నడుమ బ్రతుకు సాగించిన జనులకు బండి విలాసవస్తువు కాదు, నాగలివలె పనిముట్టు. పనిముట్టును వయస్సును బట్టి కాక పదునును బట్టి యెంచుట రైతుకు అలవాటు. తాత కొన్న కొడవలి పదునుగా నున్నచో దానిని పారవేయు రైతు లేడు గదా!

దేశమున పాత కారనగానే మొదట తలపునకు వచ్చునది అంబాసిడరు. ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాతో హిందూస్థాన్ మోటార్సు వారు 1950ల చివర దీని నిర్మాణము నారంభించి, 2014 మే మాసమున ఉత్తరపారా కర్మాగారమున నిలిపివేసిరి. ఫియట్ నమూనాపై బొంబాయిలో పుట్టిన ప్రీమియర్ పద్మినియు చాలకాలము దేశమున తిరిగినది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800, 2014 జనవరి వరకు తయారై, మధ్యతరగతి కుటుంబములకు మొదటి కారైనది. ఈ మూడును రూపమున వేరైనను గుణమున ఒకటే: సామాన్యమైన పానాలతో, పట్టకార్లతో విప్పి చూడదగినవి. వీని విడిభాగములు పట్టణములలోని పాతసామాను అంగళ్లలో ఏండ్ల తరబడి లభించినవి. నేటి బండిలో దోషమును కనుగొనుటకు ముందు కంప్యూటరును సంప్రదింపవలెను. ఆ బండ్లలో చెవియే కంప్యూటరు.

పాత కారును నడుపుటలో ఒక ఆనందము కలదు. ఇంజను మ్రోతలో భేదమును గుర్తుపట్టుట, ఏ గేరున ఏ యెత్తు ఎక్కునో ఎరిగియుండుట, చలికాలపు ఉదయమున చోకు ఎంత లాగవలెనో చేతికే తెలిసియుండుట, ఇవన్నియు పరిచయము వలన కలుగు సుఖములు. పాత స్నేహితుని కోపము, ప్రసన్నత ముందుగనే తెలిసినట్లు పాత బండి స్వభావమును తెలిసియుండును. మరియొక సుఖము నిశ్చింత. పైపూతపై గీత పడునేమో యను బెంగ లేదు. కోతల కాలమున ధాన్యము రోడ్డుపై ఆరబోసినపుడు, దమ్ముచక్రముల ట్రాక్టర్లు పొలమునుండి బురదను రోడ్డుపైకి తెచ్చినపుడు, క్రొత్త కారు యజమాని గుండె కొట్టుకొనును. పాత కారు యజమాని నెమ్మదిగా ప్రక్కకు తీసి సాగిపోవును. చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శింపబడిన నిజాము వారి రోల్సురాయిసు, శతాబ్దము దాటినను తళతళలాడుచుండును. కాని అది జీవితమున నడచినది మిక్కిలి తక్కువ. కదలక మెరయు ఆ కారుకన్న, మెరయకున్నను అర్ధరాత్రి రోగిని బోధన్ ఆసుపత్రికి చేర్చు చిన్న మారుతియే జన్మ సార్థకము చేసికొన్నదని చెప్పవచ్చును.

ఆనందమటుండ, లెక్క చూడవలసి యున్నది. ఒక ఉపాధ్యాయుడు క్రొత్త కారునకై 5 లక్షల రూపాయలు నూటికి 9 చొప్పున, 5 సంవత్సరముల గడువుపై అప్పు చేసినాడనుకొన్నచో, నెలకు కట్టవలసినది సుమారు 10,380 రూపాయలు. గడువు ముగియునప్పటికి కట్టినది 6 లక్షల 22 వేలకు పైబడును. అందు వడ్డీయే 1 లక్ష 22 వేలు దాటును. వేరొకడు 80 వేలు పెట్టి పాత కారు కొని, మరమ్మతులకై నెలకు 3 వేలు తప్పక తీసి యుంచినాడనుకొన్నను, అయిదేండ్లకు అతనికైన మొత్తము 2 లక్షల 60 వేలే. పెట్రోలు, భీమా వ్యయములు ఇద్దరికిని ఉండును. కాని ఈ లెక్కలో ఒక మెలిక యున్నది. ఆ 3 వేలను విడిగా తీసి యుంచనివానికి పాత కారు లాభము కాదు, శాపము. క్రొత్త కారు వాయిదా తేదీ చెప్పి వచ్చును. పాత కారు ఖర్చు చెప్పకుండ వచ్చును. భేదమంతయు ఇదియే.

కొనువేళ చూడవలసినవి మరికొన్ని. ఇంజను చల్లగా నున్నపుడు, ఉదయముననే చూడవలెను. అమ్మువాడు ముందే వేడిచేసి యుంచిన ఇంజను తన రోగమును దాచగలదు. పొగ నీలముగా వచ్చినచో ఆయిలు మండుచున్నదని, రింగులో బోరో అరిగినవని గ్రహింపవలెను. పొగ నల్లనిదైనచో పెట్రోలు ఎక్కువగా పోవుచున్నది. తెల్లపొగ ఎంతకును ఆగనిచో నీరు సిలిండరులోనికి చేరుచున్నదేమో యని సందేహింపవలెను. ఆయిలు మూత తీసి చూచినపుడు లోపల మీగడవంటి పదార్థ మున్నను అదే అనుమానము. కాళ్ల క్రింది పట్టా యెత్తి త్రుప్పును చూడవలెను. ఇంజనును బాగుచేయవచ్చును గాని త్రుప్పు తిన్న అడుగును బాగుచేయుట దుస్సాధ్యము. ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య రిజిస్ట్రేషను పత్రముతో సరిపోవలెను. పాత అప్పు తీరినట్లు పత్రములో నమోదు కావలెను. యాజమాన్యము మార్పించుకొనని బండి వలన ప్రమాదము జరిగినచో, అమ్మినవాడును కొన్నవాడును న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చును. స్నేహము కొలది కాగితము లేకుండ బండి చేతులు మారుట పల్లెలలో తరచు జరుగు పొరపాటు.

విద్యార్థులకు పాత కారు కదలెడి ప్రయోగశాల. గాలిని పీల్చుట, నొక్కుట, మండించుట, పొగను వెడలగొట్టుట అను నాలుగు క్రియలు ఇంజనులో జరుగును. బరువున ఒక పాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్ల గాలి కావలెను. ఆ పాలు కుదుర్చుటయే కార్బురేటరు పని. పన్నెండు వోల్టుల బ్యాటరీలో సుమారు రెండేసి వోల్టుల గదులు ఆరు ఉండును. రేడియేటరు మూత వత్తిడిని నిలుపుటచే లోపలి నీరు 100 డిగ్రీలు దాటినను మరుగదు. వేడిమీద మూత తీసినవానిపైకి ఒక్కుమ్మడిగా మరిగి యెగయుటకు కారణ మిదియే. బ్రేకు పెడలుపై పాదము మోపిన బలము నాలుగు చక్రములకును సమానవత్తిడిగా ప్రసరించుట పాస్కలు సూత్రము. పుస్తకమున చదివి మరచిపోవు ఈ విషయములు, గ్రామములోని మెకానిక్కు షెడ్డులో ఒక్క ఆదివారము గడపిన విద్యార్థికి జీవితాంతము జ్ఞప్తియం దుండును. ఆ మెకానిక్కు బడిలో ఎంత చదివెనను ప్రశ్న అనవసరము. అతడు బోధించునది భౌతికశాస్త్రమే.

ఇంతమాత్రమున పాత కారునందు దోషములు లేవనుట సత్యదూరము. పాత ఇంజను గాలిని ఎక్కువగా మలినపరచును. 2020 ఏప్రిల్ నుండి అమలైన భారత్ స్టేజి 6 ప్రమాణములకును, అంతకు ఇరువదియేండ్ల ముందరి బండికిని ఈ విషయమున పోలికయే లేదు. ప్రమాదము జరిగినపుడు ప్రాణము కాపాడు గాలిసంచులు అందుండవు. చక్రములు బిగుసుకొని జారకుండ ఆపు బ్రేకులు క్రొత్త నమూనాలకు నియమముగా వచ్చినది 2018, 2019 సంవత్సరములలోనే. పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి నూటికి 20కి చేరినది. అది తేమను పీల్చును, పాత రబ్బరు గొట్టములను చెరచును. కావున పాత కారు గలవాడు గొట్టములను మార్పించి, బ్రేకు ద్రవమును రెండేండ్ల కొకసారి మార్పించి, బెల్టులు లేనిచో బిగింపించి, దూరపు రాజమార్గములపై రాత్రి ప్రయాణములు మానవలెను. వర్ని నుండి బోధన్‌కు, బాన్సువాడకు నెమ్మదిగా పోయివచ్చుటకు తగిన బండి హైదరాబాదు రహదారిపై పందెమునకు తగదు. ఈ హద్దు నెరుగనివాని చేతిలో పాత కారు తనకును పరులకును ప్రమాదమే.

అసలు వివాద మిచటనే యున్నది. స్వంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగియును. తనిఖీ పిమ్మట అయిదేండ్లకు ఒకసారి పునరుద్ధరింపవలెను. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుండి 5 వేలకు పెరిగినది. 2025 ఆగస్టున, 20 ఏండ్లు దాటిన కార్లకు అది 10 వేలైనది. మరియొక ప్రక్క, 50 ఏండ్లు దాటిన అపురూప వాహనములకు 2021లో ప్రత్యేక నిబంధనలు చేసి, గౌరవసూచకమైన ప్రత్యేక సంఖ్యనిచ్చిరి. అవి నిత్యము రోడ్డుపై తిరుగరాదు. అనగా తిరుగక అలంకారముగా నున్న వృద్ధవాహనమునకు గౌరవము, తిరిగి పనిచేయు పాత వాహనమునకు అధిక రుసుము!

కాలుష్యమును తగ్గింపవలెనను ప్రభుత్వ సంకల్పమును తప్పుపట్టుటకు వీలులేదు. ఢిల్లీవంటి మహానగరమున లక్షలకొలది వాహనములు వెడలగ్రక్కు పొగ పసిపిల్లల ఊపిరితిత్తులలోనికే పోవుచున్నది. కాని కొలత దేనిని బట్టి యుండవలెనన్నదే ప్రశ్న. వయస్సు సులభమైన కొలత. స్థితి న్యాయమైన కొలత. పదేండ్లలో లక్షల కిలోమీటర్లు తిరిగి, ఆయిలు మార్చక పొగచిమ్ము బండి పరీక్షలో తప్పవలెను. ఇరువదియేండ్లలో వారానికొకసారి సంతకు పోయివచ్చి, శ్రద్ధగా పోషింపబడిన బండి నెగ్గవలెను. క్రొత్త కారు చేయుటకు కావలసిన ఇనుము, విద్యుత్తు, రబ్బరు కూడ భూమినుండియే వచ్చుచున్నవి. తక్కువ తిరుగు బండిని మార్చుట వలన కలుగు మేలును లెక్కించునపుడు ఆ వ్యయమును మరువరాదు. కావున పరీక్ష కఠినముగా నుండవలెను, నిజాయితీగా నుండవలెను, పల్లెవానికి అందుబాటులో నుండవలెను. పొగను చూడకయే పత్రమిచ్చు పరీక్ష ఉన్నంతకాలము వయస్సును బట్టి వేయు శిక్షయే మేలని వాదించువారికి బలము చేకూరును. ఈ విషయమున పాత కారు యజమానులకును బాధ్యత కలదు: నకిలీ పత్రము తెచ్చుకొన్నవాడు తన వాదమును తానే కూల్చుకొన్నవాడగును.

పాత బండ్లతో పాటు అంతరించుచున్నది మరొకటి యున్నది. కార్బురేటరును విప్పి, కడిగి, చెవితో విని సరిచేయు చేతులు క్రమముగా తగ్గుచున్నవి. ఆ విద్య గ్రంథములలో లేదు. గురువు చేతినుండి శిష్యుని చేతికి వచ్చినది. చెడినదానిని బాగుచేయవచ్చునన్న నమ్మకము ఒక సంఘమునకు గొప్ప సంపద. చెడిన వెంటనే పారవేయుట నేర్చిన బాలుడు వస్తువులతో ఆగునని హామీ యేమి?

పాత కారు అందరికిని తగదు. ఓర్పు లేనివానికి, నెలనెల కొంత తీసి యుంచలేనివానికి, హద్దు నెరుగనివానికి అది తగదు. తనకు కావలసినది దర్పమా, ప్రయాణమా యని తన్ను తాను ప్రశ్నించుకొని, ప్రయాణమే యని నిజాయితీగా సమాధానము చెప్పుకొనగల గృహస్థునకు అది తగును. అట్టివాని వాకిట నున్న బండిని చూచి ‘ఇంకను ఈ డొక్కుబండియేనా?’ అని అడుగు పొరుగువానికి చెప్పదగిన సమాధాన మొక్కటే: ‘బండి పాతదే, అప్పు లేదు.’